శ్రీరంగాపూర్ చెరువు గట్టున బుల్లి రైలు: ఎందుకు? ఎలా?

నారోగేజ్ (ఇరుకు పట్టాల) రైలు నమూనా చేసేటప్పుడు చాలామంది ముందు పట్టాలు పరుస్తారు, మిగిలిన జాగాలో గుట్టలూ చెట్లూ సర్దుతారు. ఎంత శ్రమపడినా అది బొమ్మలాగే కనిపిస్తుంది. ఎందుకు? నారోగేజ్ పుట్టిందే ఖర్చు తగ్గించడానికి. గుట్ట అడ్డొస్తే చాలాసార్లు తొలవదు, చుట్టి పోతుంది. చెరువు వస్తే గట్టు వెంట వంగుతుంది. నేల చెప్పినట్టు రైలు నడుస్తుంది. అందుకే నమూనాలోనూ ముందు నేల తయారవ్వాలి, పట్టాలు తర్వాత.

మనకు దగ్గరి ఉదాహరణ నౌపడ లైను. పర్లాకిమిడి రాజా వేయించిన ఈ లైను 1900లో మొదలైంది. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, తర్వాతి కాలంలో గుణుపూర్ దాకా సాగింది. పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు. 2004లో ఆ చిన్న బళ్లు ఆగిపోయాయి, 2011లో బ్రాడ్‌గేజ్ వచ్చింది. మా పాలమూరు వైపు గద్వాల, వనపర్తి రోడ్ మీదుగా పోయిన పాత లైను మీటర్ గేజ్. వనపర్తి ప్రాంతంలోని శ్రీరంగాపూర్‌కు రైలే లేదు. నౌపడ లైను లాంటి చిన్న బండి ఆ ఊరి చెరువు గట్టు మీదికి వచ్చుంటే ఎలా ఉండేదో చేసి చూద్దాం.

కొలత ఏది? 87వ వంతు తీసుకుంటే 762 మిల్లీమీటర్లు దాదాపు 8.8 అవుతాయి. బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల ఎన్ గేజ్ పట్టాలు సరిపోతాయి. కాకపోతే వాటి స్లీపర్లు మరీ సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. మట్టిలో సగం పూడ్చేస్తే ఆ లోపం కనబడదు. అసలు చిన్న లైన్ల మీద కంకర పలుచగానే ఉంటుంది, స్లీపర్ల మధ్య గడ్డి మొలుస్తుంది.

ఇక గుట్టల సంగతి. పాలమూరు బండలు గుండ్రంగా ఎందుకుంటాయి? రాయి మూలకు ఎండా వానా మూడు వైపుల నుంచి తగులుతాయి, చదునైన ముఖానికి ఒక్కవైపే. అందుకే మూలలు ముందు అరిగిపోతాయి. రోడ్డు పక్క కంకర ముక్కలు తెచ్చి పెడితే ఇక్కడి గుట్ట కాదు, క్వారీ కనిపిస్తుంది. థర్మకోల్ ముక్కల్ని గుండ్రంగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలుచగా పూయాలి. నీళ్లలో కలిసే రంగులే వాడాలి. థిన్నర్ తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది.

మట్టి మాత్రం శ్రీరంగాపూర్‌దే తెచ్చుకోవాలి. పెనం మీద వేయించి, సన్నటి గుడ్డలో జల్లించి, అందులో అయస్కాంతం తిప్పాలి. ఎర్రమట్టిలో ఇనుప రేణువులుంటాయి. వాటిని ఇంజను మోటారు లాక్కుంటే బండి ఆగిపోతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే జిగురు మట్టి మీద పూసల్లా నిలవకుండా లోపలికి ఇంకుతుంది. ఆరాక మట్టి రంగు ముదురుతుంది కాబట్టి పైన లేత మట్టి చల్లాలి.

చెరువుకు ముందు అడుగు భాగానికి రంగు వేయాలి. మధ్యలో ముదురు ఆకుపచ్చ, ఒడ్డున బురద రంగు. దాని మీద ఎపాక్సీ రెజిన్ రెండు మూడు మిల్లీమీటర్ల పొరలుగా, ఒకటి గట్టిపడ్డాకే ఇంకొకటి పోయాలి. ఒకేసారి పోస్తే వేడెక్కి పగుళ్లు వస్తాయి.

ఇక శ్రీరంగాపూర్‌లోని రంగనాయకస్వామి గుడి. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన గుడి అది. గోపురం ఎత్తు 60 అడుగులని చెబుతారు. మన కొలతలో అది 21 సెంటీమీటర్లు. రైలు పక్కనే నిలబెడితే చూపంతా గోపురమే లాక్కుంటుంది. వెనక అంచున, సగం కొలతలో, రంగులో కొంచెం తెలుపూ నీలమూ కలిపి పెట్టండి. దూరపు వస్తువులు కళ్లకు పాలిపోయి కనబడతాయి కాబట్టి గుడి చెరువు అవతల ఉన్నట్టే ఉంటుంది.

నమూనాలో చూపే కాలం కూడా ముందే తేల్చుకోవాలి. నేనైతే యాసంగి ఎంచుకుంటాను. పల్లి చేలు నేలకు అతుక్కుని పచ్చగా, గట్టు మీద గడ్డి ఎండి పసుప్పచ్చగా, తుమ్మచెట్లు దుమ్ముపట్టి ఉంటాయి. తుమ్మకు పాత మోటారు చుట్టలోని రాగి తీగ మెలిపెట్టండి. తాటిచెట్టుకు కాగితం మట్టలు చాలు, కానీ ఎండి వేలాడే మట్టలు మరవకండి.