టర్బైను తిరిగితే కాలువ ఎండాలా?

“నీళ్లు యాడికి పోయినాయప్పా? నిన్నటిదాకా పారిన కాలవ ఈ పొద్దు అడుగు కనపడతాంది!” హంద్రీ-నీవా కాలువ నిలిచినప్పుడల్లా పెనుకొండ పల్లెల్లో వినిపించే ప్రశ్న ఇది. మోటారు చెడిందంటారు, కరెంటు లేదంటారు. అవీ నిజమే కావచ్చు. కానీ అసలు లెక్క శ్రీశైలంలో ఉంది.

మన నీళ్లు శ్రీశైలం జలాశయం నుండే రావాలి. మల్యాల దగ్గర పంపులు తోడితే, మెట్టుమెట్టుగా ఎత్తిపోసుకుంటూ 2012లో జీడిపల్లికి, 2016 చివరలో పెనుకొండ దగ్గరి గొల్లపల్లికి చేరాయి. హిందూపురం దప్పిక తీరాలన్నా ఈ నీళ్లే దిక్కు. అదే జలాశయానికి కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలున్నాయి.

టర్బైను నీళ్లను తాగదు, కిందికి వదులుతుంది. అయితే అది పంట అదును చూసి తిరగదు, కరెంటు గిరాకీ చూసి తిరుగుతుంది. తిప్పితే దిగువన కృష్ణ ఉబ్బుతుంది, ఆపితే తగ్గుతుంది. సాగర్‌కు అవసరమైనప్పుడు వదిలిన నీరు అక్కడి పొలానికి పనికొస్తుంది. అవసరం లేనప్పుడు వదిలితే? అక్కడ ఎక్కువవుతుంది, ఇక్కడ మట్టం పడిపోతుంది.

లెక్క చూడండి. రెండు గట్ల కేంద్రాలూ పూర్తిగా నడిస్తే రోజుకు సుమారు ఐదారు టీఎంసీలు దిగువకు పోతాయి. హంద్రీ-నీవాకు 120 వరద రోజుల్లో తోడుకొమ్మన్నది మొత్తం 40 టీఎంసీలు. అంటే నాలుగు నెలల మన వాటా ఎనిమిది రోజుల్లో టర్బైన్ల గుండా వెళ్లిపోగలదు! రెండు టీఎంసీలైనా పట్టని గొల్లపల్లి జలాశయమంత నీరు పోవడానికి పది గంటలు చాలు.

2021లో జరిగిందిదే. జలాశయంలో ఉంచాల్సిన కనీస మట్టాన్ని 1996లో 834 అడుగులన్నారు, 2004లో 854కు పెంచారు. 2021 జులైలో మట్టం 854కు చేరకముందే తెలంగాణ ప్రభుత్వం ఎడమగట్టున ఉత్పత్తి సాగించింది. సాగర్, పులిచింతల దగ్గరా టర్బైన్లు తిరిగాయి. ప్రకాశం బ్యారేజీ దాటి నీరు సముద్రం పాలైంది. ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కింది.

ఇందులో తెలంగాణ రైతు మనకు శత్రువా? కాదు. అతని బోరుకూ కరెంటు కావాలి. మన మల్యాల పంపులకూ కరెంటే కావాలి. కుడిగట్టున మన ప్రభుత్వమూ టర్బైన్లు తిప్పుతున్నది. తగువు కరెంటు వద్దని కాదు, ముందు ఏది అన్నదే.

కాలువ ఎండితే భూమున్న రైతుకు ఒక పంట పోతుంది. కూలీకి ఆ సీజను పనంతా పోతుంది. నాట్లు లేవు, కలుపు లేదు, కోత లేదు. హిందూపురంలో బండెక్కి బెంగుళూరులో ఇటుకలు మోయాల్సిందే. ధర్మవరం వైపు పల్లెల్లోనూ ఇదే గతి.

కనుక మనం అడగాల్సినవి స్పష్టం. తాగునీరు, సాగునీరు ముందు, కరెంటు తర్వాత. దిగువ ఆయకట్టుకు వదిలే నీటితోనే విద్యుత్తు తీయాలి. ఎడమగట్టు యంత్రాలు కింది నీటిని తిరిగి పైకి తోడగలవు. వాటిని అందుకూ వాడాలి. శ్రీశైలం మట్టం, వదిలిన నీరు ఎంతో రోజూ ప్రతి గ్రామ సచివాలయం గోడమీద రాయాలి.

నీళ్లు యాడికి పోయినాయో తెలిస్తేనే గదా, యాడ నిలబడి అడగాలో తెలిసేది!