రైతు చేతికి ఎంత మిగిలింది?

వ్యవసాయ డిగ్రీ, ఎం.బి.ఏ. చదివే మన విద్యార్థులు ప్రాజెక్టు పనికి 'రైతులకు మేలు చేసే కొత్త వ్యాపార పద్ధతులు' అనే అంశాన్ని తరచూ తీసుకుంటారు. రిపోర్టులో ఎంతమంది రైతులు చేరారు, ఎంతమంది బాగుందన్నారు అని రాస్తారు. ఈ రెండు అంకెలూ కంపెనీకి పనికొస్తాయి. రైతుకు అదనంగా ఏం మిగిలిందో మాత్రం చెప్పవు.

2007లో రాయిటర్స్ సంస్థ మహారాష్ట్రలో పంటల ధరలు, వాతావరణ సమాచారం ఎస్.ఎం.ఎస్. ద్వారా పంపే సేవను మొదలుపెట్టింది. రైతు చందా కట్టాలి. మార్సెల్ ఫాఫ్‌షాంప్, బార్ట్ మింటెన్ అనే ఆర్థికవేత్తలు 100 గ్రామాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి ఏడాదిపాటు ఈ సేవను ఉచితంగా ఇప్పించి, మిగతావారితో పోల్చారు. లాటరీ ఎందుకంటే, సొంత డబ్బుతో చేరే రైతు మామూలుగానే చురుకైనవాడో, కాస్త కలిగినవాడో అయివుంటాడు. అతనికి మంచి ధర వస్తే ఆ ఘనత ఎస్.ఎం.ఎస్.దని అనలేము. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. రైతులు సమాచారాన్ని వాడుకున్నామనే చెప్పారు, కానీ సగటున వారికి దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో వింత లేదనుకుంటాను. అప్పిచ్చిన వ్యాపారికే పంట ఇవ్వవలసినవాడికి పక్క ఊరి ధర తెలిసి ఏం లాభం?

ఇలా పక్కపక్కన పోల్చడం కూడా అన్నివేళలా సరిపోదు. ఐ.టి.సి. 2000లో మధ్యప్రదేశ్‌లో ఈ-చౌపాల్ ప్రారంభించింది. ఊళ్ళో ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ పెట్టి సోయా ధరలు చూపేవారు, కంపెనీయే నేరుగా కొనేది. అపరాజిత గోయల్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పోటీ వల్ల మండీలలోనే సోయా ధర సగటున 1 నుంచి 3 శాతం పెరిగింది. అంటే కంపెనీకి గింజ అమ్మని రైతుకూ లాభమే. చేరినవారిని, పొరుగున చేరనివారిని మాత్రమే పోల్చి ఉంటే ఈ మేలు కనపడేదే కాదు. రూ.10,000 పంటకు అది 100 నుంచి 300 రూపాయలు.

ప్రాజెక్టుకు వెళ్ళినప్పుడు చేరనివారి ఇళ్ళకూ, చేరి మానేసినవారి ఇళ్ళకూ వెళ్ళండి. క్వింటాలు ధర అడిగి ఊరుకోకుండా కిరాయి, హమాలీ, కమీషను, చందా పోను ఎంత మిగిలిందో అడగండి. కౌలు రైతును విడిగా వెతకాలి, కంపెనీ ఇచ్చే జాబితాలో అతని పేరు ఉండకపోవచ్చు. ఇంట్లో సేద్యం ఉన్నవారు మొదటి ప్రశ్నలు నాన్నగారినే అడిగి చూడండి. ఆయన లెక్క చెప్పడానికి ఎంతసేపు తడుముకుంటారో చూస్తే, పరాయి రైతు దగ్గర ఎంత ఓపికగా కూర్చోవాలో తెలుస్తుంది.