మన గురించి రాసిన ఉత్తరం మనం చదవకూడదా?

2019 నవంబరు. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నా. ఎంఎస్ కోసం అమెరికాలో ఆరు యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నా. అర్ధరాత్రి హాస్టల్ రూమ్‌లో ఆన్‌లైన్ ఫామ్ నింపుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయా. ‘మీ గురించి టీచర్లు రాసే సిఫారసు లేఖల్ని చూసే హక్కు వదులుకుంటున్నారా?’ కింద రెండు గుండ్రాలు. అవును, కాదు.

పక్క మంచం మీద పడుకున్న ఫ్రెండ్‌ని లేపి అడిగా. ‘ఎస్ కొట్టెయ్‌రా, అందరూ అదే కొడతారు’ అని దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు.

నాకు కావాల్సిన మూడు ఎల్‌ఓఆర్‌లలో రెండు నేనే రాసుకున్నా. వాటిని చూసే హక్కు వదులుకుంటే పోయేదేముంది? భయమంతా మూడోదాని గురించే.

మన దగ్గర ఎల్‌ఓఆర్ ఎలా తయారవుతుందో అప్లై చేసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సార్ దగ్గరికెళ్తే ‘డ్రాఫ్ట్ రాసి పట్రా, సంతకం పెడతా’ అంటారు. ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. సెక్షన్‌కి 60 మంది, వాళ్లలో చాలామంది అమెరికా అనేవాళ్లే, ఒక్కొక్కరికీ ఆరేడు యూనివర్సిటీలు. ఆయనకి మన పేరు గుర్తుండటమే గొప్ప. దాంతో సీనియర్ పంపిన వర్డ్ ఫైల్‌లో పేరు మార్చేస్తాం. అబ్బాయి వాడిన ఫైల్ అమ్మాయి తీసుకుంటే ‘హి’లన్నీ ‘షి’లు చేసుకోవాలి. ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. ఆ ఓపిక కూడా లేనివాళ్లు కన్సల్టెన్సీకి వదిలేస్తారు. అందరి లేఖల్లోనూ అందరూ క్లాసులో టాప్ 5 శాతమే!

ఇంకొంతమంది సార్ పేరుతో ఒక జీమెయిల్ ఐడీ తెరిచి, లింక్ అక్కడికే తెప్పించుకుని, లేఖ తామే అప్‌లోడ్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ వాడిగా ఒక్క మాట. ఎవరు ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చారో ఏ వెబ్‌సైట్ అయినా రాసిపెట్టుకోగలదు. స్టూడెంట్ అప్లికేషన్, ముగ్గురు ప్రొఫెసర్ల లేఖలు ఒకే వైఫై నుంచి రాత్రి రెండింటికి వస్తే కనిపెట్టడానికి సీఐడీలు అక్కర్లేదు. కాలేజీ ఈమెయిల్ ఐడీయే ఇవ్వమని చాలా యూనివర్సిటీలు అడిగేది ఊరికే కాదు.

సరే, ఆ రెండు గుండ్రాల సంగతికొద్దాం. దాని వెనక ఫెర్పా అనే చట్టం ఉంది. 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేశారు. ముందుండి తెచ్చింది న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ. స్కూళ్లు, కాలేజీలు పిల్లల గురించి ఫైళ్లలో ఏం రాసిపెట్టుకుంటున్నాయో తల్లిదండ్రులు చూడొచ్చు, కాలేజీకొచ్చాక విద్యార్థులే చూసుకోవచ్చు అన్నది దాని సారాంశం. యూనివర్సిటీలకి గుబులు పట్టుకుంది. ఎవరికీ చూపించరన్న నమ్మకంతో టీచర్లు రాసిన పాత ఉత్తరాలన్నీ బయటపెట్టాల్సి వస్తుంది కదా! నవంబరులో చట్టం అమల్లోకి వచ్చింది, డిసెంబరు చివరికల్లా సవరణ కూడా వచ్చేసింది. 1975 జనవరి 1కి ముందు ఫైల్లో చేరిన రహస్య లేఖల్ని చూపించక్కర్లేదు. తర్వాత వచ్చినవాటిని చూడొచ్చు. కావాలంటే విద్యార్థి ఆ హక్కుని వదులుకుంటూ సంతకం చేయొచ్చు. మనం ఆలోచించకుండా నొక్కేది ఆ ‘కావాలంటే’నే.

వదులుకోకపోతే సీటివ్వం అనడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది. వదులుకున్నా, ఎవరెవరు రాశారో పేర్లు అడిగి తెలుసుకోవచ్చు. అయినా దాదాపు అందరూ ‘అవును’ అనే నొక్కుతారు. ఎందుకంటే అక్కడ చదివే ప్రొఫెసర్లు, విద్యార్థి చూస్తాడని తెలిసి రాసిన లేఖకి అంత విలువివ్వరు. అసలు రాయనని చెప్పే టీచర్లూ ఉంటారు. ఇది అర్థం కావడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి పక్కనే కూర్చుని ఉంటే, ‘మావాడెలాంటివాడు?’ అని అడిగినప్పుడు ఎదురింటి అంకుల్ ఏమంటాడు? ‘బంగారమండీ’ అంటాడు.

2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్‌లో ఒక స్టూడెంట్ న్యూస్‌లెటర్ ఇదే చట్టాన్ని పట్టుకుని, మీ అడ్మిషన్ ఫైల్ చూపించమని ఎలా అడగాలో రాసింది. అడిగిన 45 రోజుల్లోగా యూనివర్సిటీ చూపించాలి. చాలామంది అడిగారు. తమ గురించి అడ్మిషన్ ఆఫీసర్లు రాసుకున్న నోట్స్ చూసుకున్నవాళ్లున్నారు. కానీ హక్కు వదులుకున్నవాళ్లకి టీచర్ల లేఖలు మాత్రం కనపడవు.

ఇక నా మూడో లేఖ. రాయాల్సిన సార్ సెలవు పెట్టి ఊరెళ్లిపోయారు. డెడ్‌లైన్ డిసెంబరు 15. మిగిలింది డీబీఎంఎస్ చెప్పిన మేడమ్ ఒక్కరే. సమస్యేంటంటే, థర్డ్ ఇయర్ ల్యాబ్‌లో ఫ్రెండ్ కోడ్ కాపీ కొట్టి నేను దొరికిపోయింది ఆవిడకే. టేబుల్ పేర్లు కూడా మార్చలేదు. వాడు ఒక టేబుల్‌కి వాళ్ల చెల్లి పేరు పెట్టుకుంటే అదీ దించేశా. మేడమ్ అందరి ముందూ తిట్టలేదు. మళ్లీ రాసుకురమ్మని వారం టైమిచ్చారు. కిందామీదా పడి రాసుకెళ్లా.

ఆవిడ దగ్గరికి డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకెళ్లా. నిలబడే చదివారు. చదివి వెనక్కిచ్చేశారు.

‘ఇందులో ఉన్న అబ్బాయెవరో నాకు తెలీదు నాన్నా. నీ గురించైతే రాస్తా.’

ఏమనాలో తెలియక తలూపా.

‘ఫామ్‌లో చూడనని టిక్ పెట్టు. లేకపోతే నేను రాయను. నువ్వు చదువుతావని తెలిస్తే మొహమాటపడి ఏదో ఒకటి రాసేస్తా.’

బయటికొచ్చాక కోపం వచ్చింది. మిగతావాళ్లందరికీ రెండు నిమిషాల్లో అయిపోయే పని నాకే ఇలా ఎందుకు? కాపీ సంగతి రాసేస్తే? నాన్న అప్పటికే జీఆర్‌ఈకి, టోఫెల్‌కి, అప్లికేషన్ ఫీజులకి అప్పు తెచ్చారు. వేరే సార్‌ని వెతుక్కునే టైమ్ లేదు. ఆ అర్ధరాత్రి ఫామ్ దగ్గర ఆగిపోయింది అందుకే. ఫ్రెండ్ మళ్లీ నిద్రపోయాక చాలాసేపు కర్సర్‌ని ఆ రెండింటి మధ్య తిప్పి, చివరికి ‘అవును’ నొక్కా.

అప్పుడు నాకు తెలియని విషయం ఇంకోటుంది. హక్కు వదులుకోవడమంటే యూనివర్సిటీని అడిగి చూడలేకపోవడమే. రాసినాయన తనంతట తాను చూపిస్తే ఏ చట్టమూ అడ్డురాదు. కొంతమంది టీచర్లు చూపిస్తారు కూడా. మా మేడమ్ చూపించలేదు. నేనూ అడగలేదు, ధైర్యం చాల్లేదు.

ఆరింట్లో రెండు అడ్మిట్లొచ్చాయి. ఆ లేఖ వల్ల వచ్చాయా, లేఖ అలా ఉన్నా వచ్చాయా, తెలీదు. ఈలోగా 2020 మార్చి, కరోనా, లాక్‌డౌన్. వెళ్లలేదు. హైదరాబాద్‌లోనే ఉద్యోగంలో చేరిపోయా. చాన్నాళ్ల తర్వాత ఫెర్పా గురించి చదువుతుంటే నవ్వొచ్చింది. ఆ హక్కు యూనివర్సిటీలో చేరి చదివినవాళ్లకే. సీటు రానివాళ్లకీ, వచ్చినా చేరనివాళ్లకీ వర్తించదు. అంటే ఆ రాత్రి నేను ఏది నొక్కినా ఒకటే!

ఈ ఏడాది మా టీమ్‌లో ఇంటర్న్‌గా చేసిన అమ్మాయి ఎంఎస్‌కి అప్లై చేస్తోంది. ‘అన్నా, ఎల్‌ఓఆర్ డ్రాఫ్ట్ నేనే పంపిస్తా, మీరు అప్‌లోడ్ చేస్తే చాలు’ అని మెసేజ్ పెట్టింది. ఒప్పేసుకుందామనే అనిపించింది. శుక్రవారం రిలీజ్ ఉంది, ఆ అమ్మాయి పనీ బాగానే చేసింది. కానీ టైప్ చేసిన ‘ఓకే’ చెరిపేసి ఫోన్ చేశా. డ్రాఫ్ట్ వద్దు, ఈ ఆరు నెలల్లో నువ్వు చేసిన పనులు పాయింట్లుగా పంపు, ఉత్తరం నేను రాస్తా అన్నా. మొదటి నెల అడగాల్సినవి అడగక రెండు వారాలు వృథా చేశావ్, తర్వాత ఎలా మారావో కూడా చూశాను, రాస్తే రెండూ రాస్తా, అది వద్దనుకుంటే వేరేవాళ్లని అడుగు, నేనేమీ అనుకోను అని కూడా చెప్పా.

అవతల కాసేపు మాట లేదు. ‘ఆలోచించుకుని చెప్తా అన్నా’ అంది. ఆ మౌనం నాకు బాగా తెలిసినదే.

మేడమ్‌కి కూడా ఫోన్ చేశా, ఐదేళ్ల తర్వాత. ఇలా ఒకమ్మాయికి రాయాలి మేడమ్, ఎలా మొదలుపెట్టాలి అని. నా లేఖలో ఏం రాశారో మాటల్లో చెబుతారేమోనన్న ఆశ లేకపోలేదు. చెప్పలేదు. ‘ఆ అమ్మాయిని నువ్వు కళ్లారా చూసిన ఒక రోజు గురించి రాయి’ అన్నారంతే.

మూడో రోజు యూనివర్సిటీ నుంచి లింక్ వచ్చింది. తెరిస్తే పైన చిన్న అక్షరాల్లో ఉంది: ఈ విద్యార్థి లేఖను చూసే హక్కు వదులుకున్నారు. కింద ఖాళీ పెట్టె. మొదటి వాక్యానికే నాకు నలభై నిమిషాలు పట్టింది.