జావా పేర్లకు పదచ్ఛేదము

జావా నేర్చుకొనుచున్న విద్యార్థి అంకెల వరుస నొకదానిని నేరుగా అచ్చువేయబోయి, తెరపై ఎడమ చదరపు కుండలీకరణము, దాని ప్రక్క ‘ఐ’ అను ఆంగ్లాక్షరము చూచి తెల్లబోవుట కద్దు. అది యంత్రము చేసిన తప్పు కాదు. జావా తనలో తాను వ్రాసికొను పొట్టి లిపి.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గాస్లింగ్ ప్రభృతులు రూపొందించిన ఈ భాష 1995లో లోకమునకు వెల్లడియైనది. మనము వ్రాసిన ప్రోగ్రామును (మా రేడియో ప్రోగ్రాము కాదు సుమండీ) కంపైలరు క్లాస్ ఫైలుగా మార్చును. అందు ప్రతి మెథడ్‌కును, అది ఏయే విలువలు గైకొని ఏ విలువ నిచ్చునో తెలుపు వర్ణన యుండును. దానిని విడదీయు చిన్న సహాయక ఫంక్షన్లను గూర్చియే నేటి ప్రసంగము.

ఇంట్‌కు ఐ, డబుల్‌కు డి. ఇంతవరకు సులభము. బైటు ‘బి’ని దక్కించుకొనుటచే బూలియన్ ‘జడ్’తో సరిపెట్టుకొన్నది. ‘ఎల్’ క్లాసు పేరునకు ముందు నిలుచు గుర్తగుటచే లాంగ్‌కు ‘జె’ మిగిలినది. క్లాసు పేరు ఎల్‌తో మొదలై సెమికోలనుతో ముగియును. నడుమ చుక్కలకు మారుగా ఏటవాలు గీతలుండును. చదరపు కుండలీకరణము అరేకు గుర్తు. ఏ విలువయు నీయని మెథడ్‌కు చివర ‘వి’.

ఇక ఈ వర్ణనను చూడుడు: (ఐజెఎల్‌జావా/యుటిల్/డేట్;)వి. దీనికై మేమును ఒక ఫంక్షను వ్రాసి చూచితిమి. సెమికోలను కడ ఖండించిన చాలునని తలచితిమి. ఇంట్, లాంగ్, డేట్ మూడును ఒక్క ముక్కయై బయటపడినవి! పద్యమునకు పదచ్ఛేదము చేయునట్లు ఎడమనుండి ఒక్కొక్క అక్షరమే చదువవలెను. ఐ కనబడిన ఒక అడుగు. ఎల్ కనబడిన సెమికోలను వరకు. కుండలీకరణము కనబడిన దానిని లెక్కించి తరువాతి అక్షరమును చూడవలెను. వెనుదిరుగు పని లేదు. సెమికోలను దొరకకయే వాక్యము ముగిసిన, ఫంక్షను ఊరకుండక దోషమని చెప్పవలెను.

మరియొక చిక్కు. లాంగ్, డబుల్ రెండేసి గడుల నాక్రమించును. పై మెథడ్ ఒక వస్తువునకు చెందినదైనచో సున్న గడి ఆ వస్తువుది, ఒకటి ఇంట్‌ది, రెండు మూడు లాంగ్‌వి, డేట్ నాలుగవది. క్లాస్ ఫైలులో క్రొత్త ఆదేశములు చేర్చు సాధనము లాంగ్‌ను ఒక్క గడిగా నెంచి మూడవ గడిలో డేట్‌ను వెదకినచో, జావా యంత్రపు తనిఖీ విభాగము ఆ క్లాసునే త్రోసిపుచ్చును. ఒక్క అంకె తప్పినందున ప్రోగ్రామంతయు నిలిచిపోవును.

క్లాసులోని క్లాసు పేరు డాలరు గుర్తుతో వచ్చును. మ్యాప్‌లోని ఎంట్రీ ‘మ్యాప్$ఎంట్రీ’ యగును. అయితే మామూలు పేరులోను డాలరు గుర్తు వాడుటకు భాష అనుమతించును. కావున గుర్తును చూచి విడదీయుట ఊహ మాత్రమే. నిజమైన బాంధవ్యము క్లాస్ ఫైలులోనే వేరుగా నమోదై యుండును. అచ్చట చూచుటయే మేలు.

2019లో వెలువడిన జావా 12 నుండి మెథడ్‌టైప్‌డెస్క్ అను సాధనము ఇట్టి వర్ణనలను తానే చదువుచున్నది. సామాన్యావసరములకు అది చాలును. 2004లో జావా 5తో వచ్చిన జెనరిక్స్ వ్రాత మాత్రము వేరు. అందు లిస్ట్ పేరునకును దాని ముగింపు సెమికోలనుకును నడుమ, కోణపు కుండలీకరణములలో, స్ట్రింగ్ తన సెమికోలనుతో సహా వచ్చి కూర్చుండును. మొదటి సెమికోలను కడ ఆగు మా ఫంక్షను అచ్చట పనికిరాదు. లోపలి పేరు చదువుటకు తన్ను తానే మరల పిలుచుకొనవలెను.