గోడ మీద సర్టిఫికెట్ చూసి నమ్మేయకండి

నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, ఇంటికి ఫోన్ చేయబుద్ధి కావడం లేదని మన రూముల్లో చెప్పుకునే వాళ్ళు తక్కువేమీ కాదు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమంటే మాత్రం "ఆయన ఏం చదివాడో ఎవరికి తెలుసు?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే అది.

పక్కనున్న బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. జోలియా అలెమీ అనే ఆవిడ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో డాక్టరు చదివానని దొంగ డిగ్రీ చూపించి, 1995లో అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంది. కామన్వెల్త్ దేశాల డాక్టర్లకు అప్పట్లో పరీక్ష లేకుండా ప్రవేశం ఉండేది. ఇచ్చిన ఉత్తరంలో 'వెరిఫై' అనే మాటకే స్పెల్లింగ్ తప్పు! అయినా ఇరవై ఏళ్ళకు పైగా సైకియాట్రిస్టుగా పనిచేసింది. ఒక వృద్ధురాలి వీలునామా ఫోర్జరీ చేసి 2018లో జైలుకు వెళ్ళాక, ఒక స్థానిక విలేకరి కూపీ లాగితే డొంక కదిలింది. 2023 ఫిబ్రవరిలో మాంచెస్టర్ కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది.

ఐర్లండ్‌లో నిజమైన సైకియాట్రిస్టు ముందు మెడిసిన్ చదవాలి, ఏడాది ఇంటర్న్‌గా చేయాలి. ఆ తర్వాత కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ కింద నాలుగేళ్ళు మొదటి శిక్షణ, మూడేళ్ళు పై శిక్షణ. మన దగ్గరైతే ఎంబీబీఎస్ మీద మూడేళ్ళ ఎండీ. మెయ్‌నూత్ యూనివర్సిటీలో ఉన్నది సైకాలజీ విభాగం, మెడికల్ కాలేజీ కాదు. సైకాలజిస్టు మాట్లాడి సాయం చేస్తారు గానీ మందులు రాయరు. పేర్లు దగ్గరగా ఉండి చాలామంది కలిపేస్తారు.

ఇక తేల్చుకోవడం సులభం. మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో డాక్టరు పేరు కొట్టి వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు. కన్సల్టెంటు అని చెప్పుకుంటే స్పెషలిస్ట్ విభాగంలో సైకియాట్రీ అని ఉందో లేదో చూడండి. శిక్షణలో ఉన్న డాక్టరు అయితే వేరే విభాగంలో కనిపిస్తారు, అది మోసం కాదు, ఆయన పైన కన్సల్టెంటు ఉంటారు. అసలు పేరే లేకపోతే మాత్రం లేచి వచ్చేయండి. 2007 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడం నేరం.

మామూలుగా మీ జీపీ ఉత్తరం రాస్తేనే అపాయింట్‌మెంట్ వస్తుంది. ఇంగ్లీషులో బాధ చెప్పుకోలేమనుకునే వాళ్ళు దుబాసీ కావాలని ముందే అడగండి. రూమ్మేట్‌ను వెంట తీసుకెళ్ళి అన్నీ అతని నోటితో చెప్పించడం మాత్రం మాకు నచ్చదు, కొన్ని మాటలు అతని ముందు మీరే మింగేస్తారు.