ఐఫోన్ పటంలో బస్సు దారి ఎందుకు మాయమైంది?

యాపిల్ సంస్థ 2012 సెప్టెంబరు 19న విడుదల చేసిన ఐఓఎస్ 6లో గూగుల్ పటాన్ని తొలగించి, సొంత పటాన్ని ప్రవేశపెట్టింది. కారు నడిపేవారికి మలుపు మలుపునా మార్గనిర్దేశం లభించింది. బస్సు, రైలు మార్గాలు మాత్రం కనుమరుగయ్యాయి.

ప్రజా రవాణాకు రహదారి పటం ఒక్కటే చాలదు. ప్రతి రవాణా సంస్థ స్టాపులు, వేళలు, మార్గాల వివరాలను విడివిడిగా సేకరించి, తరచూ నవీకరించాలి. ఆ పనిని యాపిల్ ఇతర యాప్‌లకు విడిచిపెట్టింది. సొంత వాహనం లేని నగరవాసులకే ఇది పెద్ద లోటు.

పటంలోని తప్పులపై విమర్శలు వెల్లువెత్తడంతో సెప్టెంబరు 28న సీఈఓ టిమ్ కుక్ క్షమాపణ చెప్పారు. డిసెంబరులో గూగుల్ మ్యాప్స్ ప్రత్యేక యాప్‌గా తిరిగొచ్చింది. యాపిల్ పటంలో బస్సు, రైలు మార్గాలు మళ్లీ కనిపించింది 2015లో, ఐఓఎస్ 9తోనే. అదీ కొన్ని నగరాలకే.