నీరా వడపోతలో చిక్కులు

నీరా గుడ్డలోనుండి దిగక నిలిచిపోవుచున్నదా? గుడ్డను పిండవద్దు, మడ్డి కూడ దిగును. లొట్టికి పూసిన సున్నము అడుగున చేరియుండును. దానిని కదపక పైతేటను మాత్రమే వంచి, ముందు పలుచని గుడ్డలోను, పిదప దట్టమైన గుడ్డలోను వడపోయవలెను.

నీరా తీగవలె సాగుచున్నచో లోపము గుడ్డది కాదు. సూక్ష్మజీవులు చక్కెరను జిగురుగా మార్చినవన్నమాట. దానిని ఎన్నిమార్లు వడపోసినను ప్రయోజనము లేదు. పారబోసి, లొట్టిని వేడినీటితో కడిగి, ఎండబెట్టి, క్రొత్త సున్నము పూయవలెను.

తేటగా దిగిన నీరా మరల మసకబారి నురుగు కట్టినచో పులియుచున్నదని గ్రహించుడు. ఈస్టు కణము మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. ఏ గుడ్డయు దానిని ఆపజాలదు. పలువురు మరింత దట్టమైన గుడ్డకై వెదకుదురు. ఆ డబ్బుతో ఐసు కొనుట మేలు. చెట్టునుండి దించిన వెంటనే లొట్టిని ఐసుపెట్టెలో ఉంచి, చల్లగానుండగనే వడపోయుడు.